రివర్సక్క మీద చలానా

మా అక్కని అందరూ రివర్సక్క అంటారు. ఎవరో ముద్దుగా పెట్టిన పేరనుకునేరు, కాదు. ఆవిడ దగ్గర కారు నడపడం నేర్చుకోవడానికి వెళ్ళినవాళ్ళు ముందు కొన్నాళ్ళపాటు వెనక్కే పోతారు. మిగతా డ్రైవింగ్ స్కూళ్ళవాళ్ళు మొదటి రోజే మెయిన్ రోడ్డెక్కించి, పక్కన కూర్చున్న గురువుగారే స్టీరింగ్ తిప్పేస్తూ, "చూశారా, ఎంత బాగా నడిపారో!" అని మునగచెట్టెక్కిస్తారు. మా అక్క మాత్రం తాళం చేతికిచ్చి, "ముందుకి ఎవరైనా పోతారండీ. భయమంతా వెనకే ఉంటుంది. మొదట దాని సంగతి తేల్చుకుందాం" అంటుంది.

పెళ్ళికి ముందు ఆవిడ ఒక డ్రైవింగ్ స్కూల్లో ఫోన్లెత్తే ఉద్యోగం చేసేది. అక్కడ నేర్పేవాళ్ళు నోరు విప్పితే తిట్లే. నేర్చుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళు పాఠం అవగానే కళ్ళు తుడుచుకుంటూ అక్క బల్ల దగ్గరికొచ్చి మంచినీళ్ళు తాగి పోయేవాళ్ళు. ఆ నీళ్ళు అందించీ అందించీ విసుగు పుట్టి, తనే పరీక్షలు రాసి, నేర్పడానికి పర్మిట్ తెచ్చుకుని, ఒక పాత నీలం రంగు చిన్న కారు కొని, పక్క సీటు ముందు రెండో బ్రేకు వేయించింది. కారు నెత్తిన పసుపుపచ్చ బోర్డు పెట్టింది. ఆవిడకి షాపన్నా ఆఫీసన్నా ఆ బోర్డే.

ఏళ్ళ తరబడి ఆ రెండో బ్రేకు మీద కాలు పెట్టుకుని కూర్చోవడంతో ఆవిడకి కొన్ని అలవాట్లు ముదిరిపోయాయి. ఇంట్లో ఎవరు కుర్చీ వెనక్కి జరిపినా "అద్దం చూసుకోండి" అంటుంది. మా బావ భోజనం గబగబా మింగేస్తుంటే బల్ల కింద ఆవిడ కుడికాలు నేలని నొక్కుతుంది. బావ అది గమనించి, నెమ్మదిగా నములుతాడు.

పని విషయంలో అక్కకి రెండు పట్టుదలలు ఉన్నాయి. ఒకటి, బండి ఎంత వంకరగా పోతున్నా తను స్టీరింగ్ ముట్టుకోదు. "నేను తిప్పితే నాకు వస్తుంది. వాళ్ళకెలా వస్తుంది?" అంటుంది. రెండోది, కారులో జరిగింది కారు దిగాక చెప్పదు. ఎవరు నేర్చుకుంటున్నారో, ఎవరు గేటుని గుద్దారో, ఎవరు స్టీరింగ్ పట్టుకుని ఏడ్చారో ఆవిడ నోట రాదు. నేను సొంత తమ్ముణ్ణి, తేనె పూసిన మాటలతో ఎన్నిసార్లు కదిపి చూసినా లాభం లేకపోయింది.

ఈ రెండో పట్టుదలే ఆవిడ కొంప మీదికి తెచ్చింది.

ఆఫీసుల వీధి అని ఒకటుంది. పొద్దున్నే షట్టర్లన్నీ మూసి ఉంటాయి, మనిషి అలికిడి ఉండదు. ఫుట్‌పాత్ అంచున రెండు పెద్ద సిమెంటు పూలతొట్లు ఉన్నాయి. వాటి మధ్య ఖాళీ సరిగ్గా ఒక కారు పట్టేంత. వెనక్కి తీసుకెళ్ళి పక్కకి పెట్టడం నేర్పడానికి అంతకన్నా మంచి చోటు లేదు. అయితే అక్కడ ఒక బోర్డుంది. మనుషులను ఎక్కించడానికి, దించడానికి తప్ప బండి నిలపకూడదని.

ఒక పొద్దున అక్క ఎవరికో అక్కడ పాఠం చెబుతోంది. ఆ వీధి గస్తీ మీసాల కానిస్టేబుల్‌ది. నిక్కచ్చి మనిషి, తను రాసిన చలానా ఒక్కటి కూడా ఇంతవరకూ రద్దు కాలేదని టీకొట్టు దగ్గర మీసం మెలేసి చెప్పుకుంటాడు. ఆయన వెళ్తూ చూస్తే నీలం కారు తొట్ల మధ్య ఉంది. ఒక ఫొటో తీసుకున్నాడు. రౌండు ముగించుకుని గంట తర్వాత అటే వస్తే నీలం కారు ఇంకా తొట్ల మధ్యే ఉంది. ఇంకో ఫొటో తీశాడు. దగ్గరికొచ్చి అద్దం మీద తట్టాడు.

"ఏంటండీ, గంట నుంచీ ఇక్కడే కూర్చుని కబుర్లా?"

నిజానికి ఆ గంటసేపూ కారు ఒక్క క్షణం కుదురుగా లేదు. లోపలికి పోవడం, తొట్టికి అడ్డం పడటం, బయటికి రావడం, మళ్ళీ పోవడం. నేర్చుకుంటున్న మనిషి చొక్కా చెమటకి తడిసి ముద్దయింది. ఆయన మొహం చూశాక, "కబుర్లు కాదండీ, ఈయనకి గంట నుంచీ పెట్టడం రావట్లేదు" అని ఆయన ఎదురుగా చెప్పడానికి అక్కకి నోరు రాలేదు. "అవునండీ" అని తలాడించి ఊరుకుంది. కానిస్టేబుల్ చలానా మీద "బండి నిలిపినట్టు ఒప్పుకున్నారు" అని కూడా రాసుకున్నాడు. జరిమానాకేముంది, కట్టేయొచ్చు. కానీ నేర్పే బండి మీద చలానా ఖాయమైతే ఆ ఏడాది పర్మిట్ పొడిగించరు. పర్మిట్ లేకపోతే బోర్డు దించేయాలి. బోర్డు దిగితే అక్క మళ్ళీ ఎవరి స్కూల్లోనో ఫోన్లెత్తుకోవాలి. ఆవిడ ఆ వయసులో మళ్ళీ ఆ బల్ల వెనక కూర్చుని, ఏడ్చేవాళ్ళకి నీళ్ళందించడం నేను ఊహించుకోలేకపోయాను.

ఇది తెలియగానే నేను ఒంటికాలి మీద లేచాను. నాకు కోర్టు గేటు ఎదురుగా జిరాక్స్ షాపు ఉంది. ఇన్నేళ్ళుగా లాయర్ల కాగితాలు నా చేతుల మీదుగా పోతున్నాయి కాబట్టి నేనూ సగం లాయర్నేనని నా నమ్మకం. మిగతా సగం గురించి లాయర్లు నవ్వుకుంటారు, అది వేరే సంగతి. కూర్చుని ఒక అర్జీ రాశాను. "సహజ న్యాయసూత్రాలకు విరుద్ధంగా" అని మొదలుపెట్టాను. అక్క చదివి పక్కన పెట్టింది.

"ఇందులో బండి కదులుతూనే ఉందన్న ముక్క ఎక్కడుందిరా?"

"అది నిరూపించాలంటే సాక్షి కావాలి. ఆ రోజు స్టీరింగ్ ముందున్నదెవరో చెప్పు, నేను వెళ్ళి బతిమాలతా."

"చెప్పను."

"అక్కా, నీ బోర్డు దిగిపోతుంది!"

"దిగితే దిగుతుంది. ఆయన ఎవరికీ తెలియకుండా నేర్చుకుంటున్నాడు. వచ్చి పదిమంది ముందు నాకు చేతకాలేదని చెప్పమంటావా?"

నాకు తల ప్రాణం తోకకొచ్చింది. తలుపు దడాలున వేసి వచ్చేశాను. వెనక నుంచి "నెమ్మది" అని వినబడింది.

విచారణ రోజు ట్రాఫిక్ ఆఫీసు మేడ మీద వరండాలో కూర్చున్నాం. అక్క ఇస్త్రీ చీర కట్టుకుని, పరీక్షకొచ్చిన పిల్లలా చేతులు ఒళ్ళో పెట్టుకుంది. అప్పుడు మెట్లెక్కి వస్తూ కనబడ్డాడు మా పళ్ళ డాక్టరు. చూడగానే నేను మొహం అర్జీ వెనక దాచుకున్నాను. నా పన్ను ఒకటి సగం బాగుచేశాక రేపొస్తానని చెప్పి నేను మళ్ళీ అటు పోలేదు. ఆయన మీద కూడా చలానా ఏదో పడిందనుకున్నాను. ఆయన నన్ను చూడనే లేదు. తిన్నగా అక్క దగ్గరికొచ్చాడు.

"టీచర్ గారూ, నెలాఖరు తర్వాత పాఠాలుండవన్నారు. ఎందుకో చెప్పలేదు. నిన్న ఇంకో స్టూడెంటు చెప్పాడు. ఇది ఆ రోజు చలానాయేనా?"

అక్క కొంగు సర్దుకుంది. "మీరెందుకు వచ్చారు డాక్టర్ గారూ? చిన్న విషయం."

"చిన్న విషయమైతే ఇస్త్రీ చీర ఎందుకు కట్టారు?" అని ఆయన పక్కన కూర్చున్నాడు.

అప్పుడర్థమైంది నాకు. వెంట్రుకవాసి తేడా లేకుండా పన్నుకి పన్ను అతికించే మనిషి, రెండు పూలతొట్ల మధ్య కారు దూర్చలేడు! ఇది బయటికి పొక్కితే ఆయన ముందు నోరు తెరిచేవాళ్ళు ఎంతమంది మిగులుతారు? ఆయన భార్యకి కంటి ఆపరేషన్ అయింది, ఇక నడపొద్దన్నారు. ఇన్నేళ్ళూ ఆయన్ని క్లినిక్కి తీసుకెళ్ళి తీసుకొచ్చింది ఆవిడే. ఈసారి తను తిప్పాలని, ఆవిడకి కూడా చెప్పకుండా, పొద్దున్నే నడకకని బయల్దేరి అక్క కారెక్కుతున్నాడు. లోపలికి పిలుపు వచ్చేలోపు ఇదంతా ఆయనే చెప్పాడు.

విచారణాధికారికి జలుబు. బల్ల మీద వేడినీళ్ళ ఫ్లాస్కు, చేతిలో రుమాలు. ఒక పక్కన మీసాల కానిస్టేబుల్ నిటారుగా నిలబడ్డాడు. రెండు ఫొటోలు చూపించాడు. రెండింట్లోనూ అదే కారు, అవే తొట్లు. నేను "సహజ న్యాయసూత్రాలకు" అన్నానో లేదో అధికారి తుమ్మాడు. నా అర్జీ అక్కడితో సమాప్తం.

"ఆ గంటసేపూ కారు కదులుతూనే ఉంది సార్. నడిపింది నేను. దాన్ని ఆ తొట్ల మధ్య పెట్టడం నాకు చేతకాలేదు" అన్నాడు డాక్టరు. ఒక్కో మాటా కూడదీసుకుని అన్నాడు.

అధికారి రుమాలు దించాడు. "మా ఆవిడ జ్ఞానదంతం తీసింది మీరే కదూ?"

"నేనే."

అధికారి చెయ్యి తనకి తెలియకుండానే తన దవడ మీదికి పోయింది. "అంత సన్నటి పని చేసే చేతులకి ఇది రాలేదా?"

"నోట్లో రివర్స్ ఉండదు సార్."

అధికారికి నవ్వొచ్చింది కానీ నమ్మకం రాలేదు. "ఆవిడ మీ టీచరు. సాయం చేద్దామని వచ్చినట్టున్నారు. ఎంత చేతకాకపోయినా గంట పడుతుందా? కింద ఆవరణలో రెండు వ్యాన్ల మధ్య ఖాళీ ఉంది. అక్కడ పెట్టండి, ఈ కిటికీలోంచి చూస్తాను. నిజంగా తంటాలు పడితే మీ మాట నమ్ముతాను. ఒక్కసారికే వెళ్ళిందంటే మాత్రం చలానా ఖాయం."

మెట్లు దిగుతూ నేను డాక్టరు చెవిలో గొణిగాను. "కాస్త గట్టిగా చెడగొట్టండి సార్."

"దానికి నేను ప్రత్యేకంగా కష్టపడక్కర్లేదు. ఇంతవరకూ ఒక్కసారి కూడా తిన్నగా లోపలికి పోలేదు" అన్నాడాయన. మొహంలో ఎంత ధీమా! చేతకానితనాన్ని అంత గర్వంగా చెప్పుకున్న మనిషిని నేను చూడలేదు.

డాక్టరు స్టీరింగ్ ముందు, అక్క పక్క సీట్లో. అద్దాలు దించి ఉన్నాయి. వ్యాన్లకి గీతలు పడకుండా చూడమని కానిస్టేబుల్‌ని పంపించారు. ఆయన వెనక వ్యాను పక్కన నిలబడ్డాడు. నేను ముందు వ్యాను పక్కన నిలబడి, లోపల అన్ని దేవుళ్ళకీ మొక్కుకున్నాను. డ్యూటీ దిగిన నలుగురు పోలీసులు టీ గ్లాసులతో కాస్త దూరంగా చేరారు.

కారు ముందు వ్యాను పక్కదాకా వెళ్ళి ఆగింది. వెనక్కి కదిలింది. డాక్టరు స్టీరింగ్ తిప్పాడు. కారు వెనక భాగం మెల్లగా, ఏ తొందరా లేకుండా, రెండు వ్యాన్ల మధ్యకి తిరిగింది. ఎక్కడా తగల్లేదు. ఎటూ వంకర పోలేదు. సగం లోపలికి వెళ్ళాక కారు టక్కున ఆగింది.

"టీచర్ గారూ," అన్నాడు డాక్టరు, గొంతు తగ్గించి. "ఇది లోపలికి వెళ్ళిపోయేలా ఉంది."

"వెళ్ళనివ్వండి."

"ఇప్పుడే స్టీరింగ్ అటు లాగేస్తా. వెళ్ళి వ్యానుకి అడ్డం పడుతుంది."

"లాగొద్దు."

"మరి మీ కేసు?"

"నా కేసు నేను చూసుకుంటాను. మీరు అద్దం చూడండి. ఇప్పుడు నిటారు చెయ్యండి. నెమ్మదిగా. ఇంకొంచెం. అంతే."

కారు గీత గీసినట్టు లోపలికెళ్ళి నిలబడింది. టీ గ్లాసుల వాళ్ళు "ఓహో" అన్నారు. మా అక్క చప్పట్లు కొట్టింది! కేసు చేజేతులా ఓడిపోయిన మనిషి సీట్లో ఎగిరెగిరి కొట్టింది. డాక్టరు రెండు చేతులూ స్టీరింగ్ మీద అలాగే పెట్టుకుని ముందు వ్యాను నంబరు ప్లేటు వైపు చూస్తున్నాడు. ఆయన కళ్ళు నిండిపోయాయి. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. నోటిదాకా వచ్చిన కూడుని కాలదన్నుకోవడమంటే ఇదే కదా అనుకున్నాను.

మేడ మీద కిటికీలోంచి అధికారి తల బయటికొచ్చింది. "ఒక్కసారికే పెట్టేశారుగా! ఇంకేం చెబుతారు? చలానా ఖాయం." తుమ్మి, కిటికీ వేసుకున్నాడు. మధ్యలో కారు ఎందుకు ఆగిందో, లోపల ఏం మాట్లాడుకున్నారో అంత ఎత్తునున్న ఆయనకేం తెలుసు? వినబడింది నాకూ, వెనక వ్యాను పక్కనున్న కానిస్టేబుల్‌కీ మాత్రమే. నా మాట ఎవరు నమ్ముతారు, తమ్ముణ్ణి కదా. కానిస్టేబుల్ టోపీ సర్దుకుని మెట్ల వైపు నడిచాడు. నేనూ వెంటబడ్డాను, ఈయన ఇంకా ఏం అంటించడానికి పోతున్నాడోనని.

"సార్, ఈ చలానా నేను వెనక్కి తీసుకుంటాను" అన్నాడాయన గదిలోకి వెళ్ళి.

అధికారి ఫ్లాస్కు మూత తిప్పుతున్నవాడు ఆగాడు. "నువ్వా?"

"ఆయన ఆవిడ కోసం బండి చెడగొట్టబోయాడు సార్. ఆవిడ వద్దంది. కేసు పోయినా సరే, పెట్టమంది. నా చెవులతో విన్నా. ఎప్పుడూ పెట్టలేని మనిషి మొదటిసారి పెడుతున్నప్పుడు ఇద్దరూ మాట్లాడుకునే మాటలు సార్ అవి. దొంగ సాక్ష్యాలు అలా ఉండవు."

"ఆ రోజు బండి నిలిపానని ఆవిడే ఒప్పుకుందని రాశావు."

కానిస్టేబుల్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఆవిడ తలాడించింది ఆయన పరువు కోసం సార్. నేను వెళ్తూ ఒకసారి చూశా, వస్తూ ఒకసారి చూశా. మధ్యలో గంటసేపు ఏం జరిగిందో నేను చూడలేదు. చూసినట్టు రాశా."

ఒక్క చలానా కూడా రద్దు కాలేదని చెప్పుకునే మనిషి ఆ మాట అనడానికి ఎంత కష్టపడ్డాడో నాకు తెలిసింది. అప్పటిదాకా ఆయన్ని మనసులో తిట్టిన తిట్లన్నీ వెనక్కి తీసుకున్నాను. అధికారి చాలాసేపు రుమాలుతో ముక్కు తుడుచుకుని, రద్దు అని రాసి సంతకం పెట్టాడు. "ఇకమీదట మా ఆవరణలో పెట్టుకుని నేర్పమను. ఆ వీధి వద్దు" అన్నాడు.

నేను కిందికి పరుగెత్తి చెప్పాను. అక్క ఒక్క నిమిషం రెండు అరచేతుల్లో మొహం దాచుకుంది. డాక్టరు మాత్రం కారు దిగలేదు. ఫోనులో భార్యతో మాట్లాడుతున్నాడు.

"నువ్వొచ్చి చూసేదాకా దీన్ని తియ్యను. నడకకి కాదే, నేర్చుకోవడానికి వెళ్తున్నా. అవును, ఒక్కసారికే!"

ఆవిడ టాక్సీలో వచ్చింది, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని. కారు చుట్టూ ఒకసారి తిరిగింది. ముందు వ్యానుకీ కారుకీ మధ్య అరచెయ్యి పెట్టి చూసింది, వెనకా అలాగే చూసింది.

"నెల్లాళ్ళుగా నడుస్తున్నా పొట్ట తగ్గదేంటా అనుకుంటున్నా" అంది. తర్వాత ఇంకోసారి వెనక్కి వెళ్ళి, "ఇంకాస్త వెనక్కి జరపొచ్చు" అంది.

డాక్టరు నోరు తెరిచి నవ్వాడు. ఆవిడ కళ్ళద్దాల కింద నుంచి చెంప తుడుచుకుంటూ వెళ్ళి వెనక సీట్లో కూర్చుంది.

సాయంత్రం అక్క ఇంటి ముందు కారు కడుగుతోంది. నా కోపం ఇంకా పూర్తిగా చల్లారలేదు. అడిగేశాను.

"ఆ కానిస్టేబుల్ వినకపోయుంటే? విన్నా నోరు విప్పకపోయుంటే? డాక్టరు ఒక్క తిప్పు తిప్పుతానన్నాడు, నీ బోర్డు నిలబడేది. ఎందుకు ఆపావ్?"

అక్క గుడ్డ పిండుతూ నా వైపు చూసింది. అంత మామూలు విషయం నాకెందుకు తెలియలేదా అన్నట్టు.

"మొదటిసారి కుదిరినప్పుడు తన చేతులతో తనే చెడగొట్టుకుంటే ఆ మనిషి మళ్ళీ ఎప్పుడూ పెట్టలేడురా. పెట్టబోయిన ప్రతిసారీ ఆ చేతులకి అదే గుర్తొస్తుంది. నేను నేర్పేదాన్ని. బోర్డున్నా లేకపోయినా."

అడిగినందుకు సిగ్గేసింది, అక్క మీద ఎక్కడలేని ప్రేమా పొంగుకొచ్చింది. రెండో గుడ్డ తీసుకుని కారుకి అటువైపు తుడవడం మొదలుపెట్టాను.